ముంగటికొస్తేనే నవ్వే పాప

పోయిన వారం మా క్లినిక్కులో పిల్లల గదికి కొత్తగా ఒక ఫోను ఇచ్చారు. మాట్లాడటానికి కాదు, మాట మార్చడానికి. తల్లి తన భాషలో ఏం చెప్పినా అది విని డాక్టరుకు అరబ్బీలోనో ఇంగ్లీషులోనో అప్పజెబుతుంది. కొత్తగా చేరిన నర్సమ్మాయి దాన్ని ఒక జగిత్యాల ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ పిల్లవాడి దగ్గుతో మొదలుపెట్టి, ఆ దగ్గు ఎయిర్‌పోర్టులోనే పట్టుకుందనీ, విమానంలో ఇచ్చిన పెరుగు పుల్లగా ఉందనీ, వద్దన్నా వినకుండా వాళ్ళాయన తినిపించాడనీ, ఆయన ఎప్పుడూ ఇంతేననీ చెప్పుకుంటూ పోయింది. ఫోను ఒక్క ముక్క వదల్లేదు. ఆయన ఎప్పుడూ ఇంతే అన్న మాటను కూడా డాక్టరుకు చెప్పింది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, చేతులు కడుక్కునే నెపంతో సింకు దగ్గరికి పోయి, కావలసినదానికంటే చాలాసేపు నీళ్ళు వదులుకుంటూ నిలబడ్డాను.

రియాద్‌లో మలాజ్ పేటలోని ఈ క్లినిక్కుకు నేను వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మాది కడప. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, నర్సింగు చదువు ఇంగ్లీషు, ఇక్కడికొచ్చాక పడుతూ లేస్తూ నేర్చుకున్న అరబ్బీ. ఇన్ని భాషలు నోట్లో ఉన్నందుకు నాకు చాలా గర్వంగా ఉండేది. నా పని పిల్లల్ని తూకం వేయడం, పొడవు కొలవడం, తల చుట్టూ టేపు పెట్టడం, టీకాలు వేయడం. జీతం వాటికే. కానీ తెలుగు తల్లి ఎవరు వచ్చినా డాక్టరుకూ ఆమెకూ మధ్య నిలబడేది నేనే. మా డాక్టరు ఈజిప్టు పెద్దమనిషి. బొజ్జ, తెల్లటి మీసం, జేబులో ఎప్పుడూ రెండు రంగుల పెన్ను. గొంతు చూసే కర్రపుల్లల మీద కళ్ళూ ముక్కూ గీసి, ఏడ్చే పిల్లల చేతికిచ్చేవాడు. ఆ పుల్లల కోసమే కొందరు పిల్లలు లేని దగ్గు దగ్గుతారని నాకు అనుమానం. ఆయనకు నాలో నచ్చిన గుణం ఒకటే. తల్లి పది నిమిషాలు చెప్పింది నేను పది మాటల్లో చెప్పేదాన్ని. అత్తగారు ఏమన్నదీ, దిష్టి ఎవరు పెట్టారన్నదీ, ఊళ్ళో మందులషాపు అబ్బాయి ఏ సిరప్ ఇచ్చాడన్నదీ అంతా పక్కన పెట్టి, జ్వరం రెండు రోజులు, వాంతులు లేవు, నీళ్ళు తాగుతోంది అనేదాన్ని. "సిస్టర్ లేకపోతే నేను ఇంటికి పోయేది రేపే" అని ఆయన వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. నాకది బిరుదులా ఉండేది.

ఏడేళ్ళ కిందట, బడులు తెరిచిన వారంలో, ఆమె వచ్చింది. ఆర్మూరు దగ్గర ఒక పల్లె. పాతికేళ్ళు కూడా ఉండవు. భర్త ఇక్కడ ఒక కంపెనీలో ఏసీలు బాగుచేస్తాడు. విజిట్ వీసా మీద భార్యనూ పిల్లనూ తెప్పించుకున్నాడు. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఆమె ఒక్కతే, పాపను చంకనెత్తుకుని, ఊళ్ళో రాసిచ్చిన టీకాల కార్డును ప్లాస్టిక్ కవరులో మూడు మడతలు పెట్టి తెచ్చింది. పాపకు ఏడాదిన్నర. గుండ్రటి మొహం, నుదుటి మీద కాటుక చుక్క, చేతికి నల్లపూసలు. నన్ను చూసి నవ్వితే కింది రెండు పళ్ళ మధ్య సందు కనిపించింది. నేను తెలుగులో పలకరించగానే ఆ తల్లి మొహం ఎలా విచ్చుకుందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. వచ్చిన రెండు నెలల్లో ఇంట్లోవాళ్ళు కాక తనతో తెలుగు మాట్లాడిన మొదటి మనిషిని నేనేనట. అప్పుడే నన్ను అక్కా అనేసింది.

ఏడాదిన్నర వయసు టీకాలకు వచ్చిన పిల్లలకు ఒక కాగితం నింపాలి. నడుస్తోందా, వేలు పెట్టి చూపిస్తోందా, ఎన్ని మాటలు వచ్చు, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, ఇలాంటి ప్రశ్నలు ఓ ఇరవై. ఒక్కొక్కటీ తల్లిని అడిగి టిక్కు పెట్టాలి. బయట పద్నాలుగు ఫైళ్ళు ఉన్నాయి. అసర్ నమాజుకు తలుపులు మూసే వేళ దగ్గర పడుతోంది. మూశామంటే ఆ తల్లులంతా ఎండలోనో మెట్ల మీదో కూర్చోవాలి, తెరిచాక నా మీద విరుచుకుపడాలి. పాప చక్కగా నడిచి వచ్చింది, నవ్వింది, నా మెడలోని బ్యాడ్జీ లాగింది. ఇంకేం కావాలనిపించింది. నిలబడే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. సగం ప్రశ్నలు అడగనేలేదు. మాటల దగ్గర మాత్రం ఆగి అడిగాను. ఏమీ లేవంది. ఆ, ఊ అంటుందంతే అంది. ఇక్కడ గల్ఫులో పుట్టిన పిల్లలూ, వచ్చి చేరిన పిల్లలూ చాలామంది అంతే, ఇంట్లో ఒక భాష, టీవీలో ఒక భాష, మెట్ల మీద ఇంకో భాష, తికమకపడి ఆలస్యంగా మాట్లాడతారు, మా పెద్దవాడు మూడేళ్ళదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు మూయడం లేదు అని చెప్పాను. ఈ మాట నేను అప్పటికి వందమంది తల్లులకు చెప్పి ఉంటాను. వాళ్ళంతా నవ్వి లేచి వెళ్ళేవాళ్ళు. ఈమె నవ్వలేదు.

డాక్టరు ముందు కూర్చున్నాక ఆమె ఆయన వైపు చూస్తూ, నాకు చెప్పింది. ఎన్నో రోజులు లోపల పెట్టుకున్నది బయటికి వచ్చినట్టు, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తలుపు గట్టిగా వేస్తే పాప ఉలిక్కిపడుతుందట గానీ చప్పట్లు కొడితే చూడదట. మిక్సీ తిప్పినా నిద్ర లేవదట. అత్తకు చెబితే నా కొడుకు చిన్నప్పుడు మొద్దునిద్రే అందట. "ఎన్కకెల్లి పిలిస్తె మర్రి చూస్తలేదు అక్కా. ముంగటికొస్తెనే నవ్వుతది. నాకెందుకో బుగులైతుంది" అంది చివరకు.

డాక్టరు నా వైపు తిరిగి ఏమంటోంది అని అడిగాడు. నేను గోడగడియారం చూశాను. మాటలు రాలేదని బెంగ పడుతోంది, భాషలు ఎక్కువైతే ఆలస్యమవుతుందని చెప్పాను అన్నాను. ఆయన కాగితం చూశాడు. మాటల దగ్గర తప్ప అన్నిటికీ టిక్కులున్నాయి. చెవుల్లో దీపం వేసి చూశాడు, గొంతు చూశాడు, గుండె విన్నాడు, తయ్యిబ్ అన్నాడు. బాగుంది అని. పుల్ల మీద పిల్లిమొహం గీసి పాప చేతిలో పెట్టాడు. డాక్టరు బాగుందన్నాడు చెల్లీ అని నేను తెలుగులో చెప్పాను. ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి నా మొహం చూసింది, ఏదో అడగబోయి మానేసింది. అప్పటికే నేను తర్వాతి పేరు పిలుస్తున్నాను.

తర్వాత పదకొండు నెలలు ఆమె రాలేదు. నేను ఆమెను తలుచుకోనూ లేదు. ఆ పదకొండు నెలల్లో నేనేం చేశానో చెప్పమంటే చెప్పలేను. డ్యూటీకి వెళ్ళి ఉంటాను, వచ్చి ఉంటాను, ఒక రంజాను గడిచి ఉంటుంది.

మళ్ళీ వచ్చింది ఒక ఉదయం, తలుపులు తీసే వేళకే. ఫైలు కూడా తీయించకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం వాళ్ళ బిల్డింగులో మంటల అలారం మోగిందట. మంటలేమీ లేవు, ఎవరో వంటింట్లో ఏదో మాడ్చారు. కానీ ఆ మోతకు అంతస్తులన్నీ దద్దరిల్లి, ప్రతి ఇంట్లోంచీ పిల్లలు ఏడుస్తూ పరిగెత్తారట. అలారం డబ్బా వాళ్ళ తలుపు పక్కనే. ఈమె వంటింట్లోంచి చెవులు మూసుకుని వచ్చేసరికి పాప నట్టింట్లో వీపు ఇటు పెట్టి కూర్చుని, నీళ్ళ సీసాల మూతలు వరుసగా పేర్చుకుంటోందట. తల ఎత్తలేదు. అమ్మ ముందుకు వెళ్ళి నిలబడితే ఎప్పటిలా నవ్విందట. ఇది చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. చెప్పడం అయ్యాక అడిగింది. "అక్కా, ఆ దినం నేను చెప్పిన మాట డాక్టరుకు చెప్పినవా?"

నాకు ఆ మాట వెంటనే గుర్తొచ్చింది. మరిచిపోయి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో. ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. చెప్పాను కదా అన్నాను.

లోపల డాక్టరు పాప వెనక్కి పోయి, బల్ల మీది స్టీలు ట్రేను స్పూనుతో కొట్టాడు. పాప పుల్ల మీది బొమ్మ చూసుకుంటోంది. ఇంకా దగ్గరగా పోయి కొట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను, పాప పడలేదు. ఆయన స్పూను కింద పెట్టి, పాత కాగితం తీసి, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా అన్న ప్రశ్న పక్కన ఉన్న టిక్కు మీద వేలు పెట్టాడు. ఇది తల్లిని అడిగే రాశావా సిస్టర్ అని ఇంగ్లీషులో అడిగాడు. గొంతులో కోపం లేదు. అడగాలి కాబట్టి అడిగాడు. ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. అడిగాను డాక్టర్, తిరుగుతుందనే చెప్పింది అన్నాను.

రాయడానికి ఇది ఒక్క వాక్యం. ఆ రోజు అనడానికి కూడా ఎంతోసేపు పట్టలేదు. ఉద్యోగం పోతుందన్న భయమా అంటే అది పెద్ద భయం కాదు, ఆయన నన్ను తీసేసే మనిషి కాదు. సిస్టర్ లేకపోతే నేను ఇంటికి పోయేది రేపే అన్న ఆ మాట ఇక అనడేమోనని భయం. దానికోసం, ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆమెకు రాని భాషలో నేరం ఆమె మీదికి తోశాను. డాక్టరు నిట్టూర్చి, ఆమె వైపు తిరిగి, పిల్లల విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలమ్మా, తల్లి దాస్తే మాకెలా తెలుస్తుంది అన్నాడు. మెత్తగానే అన్నాడు. చెప్పు అని నా వైపు చూశాడు. కంగారు పడొద్దంటున్నారు, పెద్దాసుపత్రికి రాసిస్తారట అని నేను తెలుగులో చెప్పాను.

పెద్దాసుపత్రిలో పరీక్షకు నేను కూడా వెళ్ళాను. నా సెలవురోజు చూసుకుని నేనే వస్తానన్నాను. అది మంచితనమని ఆమె అనుకుందేమోనని అప్పుడు అనుకున్నాను. పాపకు నిద్రమందు ఇచ్చి, తలకూ చెవుల వెనకా తీగలు అంటించి, ఒక నిశ్శబ్దపు గదిలో పడుకోబెట్టారు. తల్లి పాప పాదం పట్టుకుని కూర్చుంది. యంత్రం తెర మీద గీతలు సాగుతూనే ఉన్నాయి. గంట దాటాక పరీక్ష చేసినావిడ మమ్మల్ని పక్కగదిలో కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. రెండు చెవులూ దాదాపు వినబడవు. పుట్టుకతోనే కావచ్చు. తలుపు వేస్తే ఉలిక్కిపడింది నేల అదురుకు. ముందు చెవిమిషన్లు పెట్టి చూడాలి, చాలకపోతే లోపల పరికరం అమర్చే ఆపరేషను చేయాలి. ఆ రోజు నేను ఒక్క మాట వదల్లేదు. కావచ్చు అన్నచోట కావచ్చు అనే అన్నాను, దాదాపు అన్నచోట దాదాపు అన్నాను.

అంతా విని ఆమె ఒకే ప్రశ్న అడిగింది. "ఇంకింత ముందుగాల తెలిస్తె మంచిగుంటుండెనా, అడుగు అక్కా."

అడిగాను. ఈ వయసులో ఒక్కో నెలా ముఖ్యమే, ఏడాది ముందు వచ్చి ఉంటే మాట తేలికగా పట్టుకునేది, అయినా ఇప్పుడూ ఆలస్యం మించిపోలేదు, వచ్చారు కదా అంది పరీక్షావిడ. అది కూడా చెప్పాను. ఆవిడ బయటికి పోయింది. పాప ఇంకా మత్తులోనే తల్లి భుజం మీద ఉంది. అప్పుడు చెప్పాను. ఆ రోజు నువ్వు చెప్పింది డాక్టరుకు నేను చెప్పలేదు. కాగితంలో ప్రశ్నలు అడక్కుండా రాశాను. మొన్న ఆయన అడిగితే నువ్వే తప్పు చెప్పావన్నాను. ఈ మూడూ వరుసగా చెప్పాను. ఎందుకలా చేశానో కూడా చెప్పడం మొదలుపెట్టాను, నమాజు వేళ అనీ, ఫైళ్ళనీ. నా చెవికే అవి సాకుల్లా వినబడి ఆపేశాను.

ఆమె పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. లేచి వెళ్ళి నీళ్ళ కూలరు దగ్గర చెయ్యి తడుపుకుని పాప మొహం తుడిచింది. తిరిగొచ్చి నా పక్కన కాక ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నాకు ఆ దినమే అనుమానం అక్కా" అంది. "నేను చెప్పింది గింత పొడుగున్నది, నువ్వు చెప్పింది రెండు మాటలు. భాష రాకుంటె మాత్రం అంత తెల్వదా? మల్ల అడుగుదామనుకున్న. తెలుగామె గదా, నాకంటె మంచిగనే చెప్పి ఉంటదనుకున్న." పాప తల సర్దుకుంటూ, "నేనన్న గట్టిగ అడగకపోతి" అంది.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నాది అనుకున్న దాంట్లోంచి ఒక ముక్క తను తీసుకుని మడిచి దాచుకున్నట్టు, ఆ చివరి మాట అంది. అది నీది కాదు చెల్లీ అన్నాను. పాప కళ్ళు తెరుస్తుంటే అటు చూస్తూ, డాక్టరుకు చెప్పు, నా ముందరే చెప్పు అని మాత్రం అంది ఆమె. నువ్వు ఏం చెప్పిందీ నాకు ఎట్లా తెలుస్తుంది, మా ఆయనను తోలుకొస్తా, ఆయనకు అరబ్బీ వస్తది అంది.

రెండు రోజుల తర్వాత ఆయన పని బట్టల్లోనే వచ్చాడు. కంపెనీ పేరున్న నీలం చొక్కా, మోచేతుల దగ్గర ఫిల్టర్ల దుమ్ము. పది పన్నెండేళ్ళుగా అరబ్బుల ఇళ్ళలో ఏసీలు విప్పి బిగించిన మనిషి, ఆయన అరబ్బీ నాకంటే చురుకు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను ఇంగ్లీషు వదిలి అరబ్బీలో, చిన్న చిన్న మాటల్లో, డాక్టరుకు మొదటినుంచీ చెప్పాను. నేను ఒక్కో వాక్యం చెప్పి ఆగినప్పుడల్లా ఆయన తల వంచి భార్యకు తెలుగులో చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఎందరి మాటో మోసిన నేను, నా మాటను ఇంకొకరు మోస్తుంటే విన్నాను. ఆయన ఏమీ తగ్గించలేదు, ఏమీ కలపలేదు. తప్పు నీదే అన్నదట అన్నచోట కూడా ఆయన గొంతు పెరగలేదు.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ రోజు నేను అనరాని మాట అన్నాను, క్షమించమ్మా అన్నాడు. ఏ మాట అని ఆమె భర్తను అడిగింది. ఆ మాట నేను ఆమెకు చేరవేయనే లేదు కదా. అదీ నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు డాక్టరు చూపు చూసి అదే అనుకున్నా అంది ఆమె. తర్వాత డాక్టరు, మొదటిసారే నేను వెనకనుంచి ఒక చప్పుడు చేసి చూడాల్సింది, కాగితాన్ని నమ్మాను, అది నా తప్పు అన్నాడు. నా వైపు చూసి మాత్రం ఒక్కటే అన్నాడు. పాత టిక్కు కొట్టేసి, పక్కన జరిగింది రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆ తర్వాత రెండు నెలలు ఆయన నాతో పని మాటలే మాట్లాడాడు. సిస్టర్ లేకపోతే అన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

పాపకు చెవిమిషన్లు పెట్టారు. అవి చాలలేదు. నాలుగైదు నెలలు చూసి, తల్లీ పిల్లా హైదరాబాదు వెళ్ళిపోయారు. మాట నేర్పేవాళ్ళు ఇంటి భాషలో నేర్పితేనే మంచిదన్నారట, రియాద్‌లో తెలుగులో నేర్పేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆపరేషను అయింది. ఆమె అద్దెగదిలో ఉండి రోజూ పిల్లను శిక్షణకు తిప్పింది. ఆయన ఇక్కడే ఉండిపోయాడు. తర్వాతి మూడేళ్ళలో ఆ ముగ్గురూ ఒకచోట ఉన్నది ఎన్ని వారాలో వేళ్ళ మీద చెప్పొచ్చు. వెళ్ళేముందు చివరి టీకాకు వచ్చినప్పుడు నేను ఫోన్ నంబరు అడిగితే ఆమె ఇచ్చింది. అడగకపోతే ఇచ్చేది కాదనుకుంటాను. మొదట్లో నేను మెసేజ్ పెడితే రెండు మూడు రోజులకు జవాబు వచ్చేది. ఇప్పుడు పండగలకు తనే పెడుతుంది. అక్కా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో మొదటి రోజు ఉన్నది ఉందో లేదో నేను వెతకను.

పాపకు ఇప్పుడు ఎనిమిది దాటింది. మామూలు బడికే పోతోంది, ముందు బెంచీలో కూర్చుంటుంది. క్లాసులో గోల ఎక్కువైతే మాట అందదు. స, శ ఒకటిగా పలుకుతుంది, వాక్యం చివర కొంచెం సాగదీస్తుంది. నిరుడు వీడియోలో నాకు ఒక పద్యం అప్పజెప్పింది. మధ్యలో ఆగితే వాళ్ళమ్మ తెరకు కనబడకుండా పక్కనుంచి అందించింది, పాప అటు తిరగకుండానే అందుకుని ముందుకు సాగింది. నేను ఫోను బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. ఆంటీ ఏడుస్తుంది అమ్మా అంది పాప. ఆ మాట స్పష్టంగానే అంది.

పద్యం అయ్యాక ఆమె మాటల మధ్యలో చెప్పింది, మామూలుగానే. టీచరు అన్నదట, పిల్ల తెలివైనదే గానీ చదవడంలో తోటివాళ్ళకంటే ఓ ఏడాది వెనక ఉందని. ఆమె దాన్ని నాకోసం అనలేదు. ఆ ఏడాది నేను పోగొట్టిన ఏడాదేనా, ముందే తెలిసినా అంతే ఉండేదా అని మా డాక్టరును ఒకసారి అడిగాను. ఎవరూ చెప్పలేరు సిస్టర్ అన్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది గానీ, నాకు నిద్ర పట్టింది లేదు. ఇప్పుడు నేను తల్లులు చెప్పినంతా చెబుతాను, పుల్లపెరుగు సంగతి కూడా. డాక్టరు గడియారం చూసినా ఆపను. దానివల్ల ఆ పాపకు ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. మా వయసుకు పదకొండు నెలలంటే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు చూసుకుని మళ్ళీ మార్పించుకునేంత కాలం, ఇట్టే గడిచిపోతుంది. ఏడాదిన్నర పిల్లకు అది అప్పటిదాకా తను బతికిన మొత్తం బతుకులో సగం కంటే ఎక్కువ. అంత కాలాన్ని నేను గడియారంలో ఒక్క నిమిషం మిగుల్చుకోవడానికి వాడేశాను.